సున్నకు జీతం

ఆ రోజుల్లో మా కడప సీమలో ఎవరైనా ఒకదాన్ని కొలుస్తున్నారంటే, ఆ కొలతకు సరిపడా ఎవరికో ఇంత సంగటి దొరుకుతుందని అర్థం. ఊరికే తెలుసుకుందామని కొలిచేవాళ్లు కూడా లోకంలో ఉంటారని మాకు తెలియదు. ఇప్పుడు మా మనవరాలు చేతికి గడియారం లాంటిదొకటి కట్టుకుని, పొద్దున్నే వీధులన్నీ తిరిగి వచ్చి, ఇన్ని అడుగులు వేశానని చూపిస్తుంది. "ఎంతిస్తారే దానికి?" అంటాను. "ఎవురూ ఏమీ ఈరవ్వా" అని నవ్వుతుంది. ఏమీ ఇవ్వనప్పుడు కొలవడం ఎందుకో, చెప్పులు అరగదీసుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు. కానీ గట్టిగా అనను. వయసులో ఉన్నప్పుడు నేనూ ఒక కొలతను నమ్ముకుని ఒక ఘనకార్యం చేశాను. అది తెలిస్తే ఆ పిల్ల నవ్వు పక్క వీధి దాకా వినిపిస్తుంది. (నేను చదివింది రెండో తరగతి. మూడో తరగతికి కొత్త పలక కావాల్సి వచ్చింది, మా నాయన కొనలేదు. రాతలో తప్పులుంటే ఆ పలకను అడగండి.)

మాది వేంపల్లె పక్కన పల్లె. నేను కాపురానికి వచ్చిన కొత్తలో వానలు ముఖం చాటేశాయి. సర్కారు కరువు పని పెట్టింది. రోడ్డు పక్కన గుంతలు తవ్వి మట్టి మోయాలి. గుంత నడుమ తవ్వకుండా ఒక చిన్న దిబ్బ వదలాలి. సాయంత్రం మేస్త్రీ వచ్చి ఆ దిబ్బ ఎంత ఎత్తుందో కొలిచి, అంత లోతు తవ్వారని లెక్కగట్టి కూలి ఇస్తాడు. అక్కడే మా అత్త ప్రతిభ బయటపడింది. మేస్త్రీ రాకముందే ఆమె ఒక మట్టి గడ్డను గడ్డితో సహా పెళ్లగించి తెచ్చి, దిబ్బ నెత్తిన కుదురుగా కూర్చోబెట్టేది. పైన గడ్డి ఉంది కాబట్టి అది పాత నేలే అనుకునేవాడు మేస్త్రీ. "గడ్డ పెట్టల్ల, అయితే చిన్నది పెట్టల్ల. ఆశకు పోయి పెద్దది పెట్టినావనుకో, మేస్త్రీ గుడ్డోడు గాదు" అని నాకు నేర్పింది. బళ్లో నేర్చుకున్నదాని కంటే ఇది నాకు ఎక్కువ కాలం గుర్తుంది.

తర్వాత మా ఆయన జట్కా తోలడానికి కడపకు వచ్చాడు, వెనకే అత్తా నేనూ వచ్చాము. జట్కా ఉండేది, గుర్రమూ ఉండేది, దానికి మేత ఉండేది కాదు. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న కాలం అది. నాకు ఒక పెద్ద ఆసుపత్రిలో, ఎక్స్‌రే గదిలో ఆయా పని దొరికింది. దొరికిందంటే పూర్తిగా దొరకలేదు. "ఎండాకాలం పోనీ. ఆ గదిలో ఆయాకు పని ఉండాదో లేదో జూసి, అప్పుడు ఖాయం చేసేది చెప్తా" అన్నాడు పెద్ద డాక్టరు. గుర్రంతో సహా ఇంట్లో నాలుగు నోళ్లూ ఆ మాట మీద వేలాడుతున్నాయి.

నిజానికి పని బోలెడంత ఉండేది. ఛాతీ ఫోటోకు వచ్చిన ఆడవాళ్లు మెడలో ఉన్నవి తీయరు. గొలుసు తీస్తారు, తాళి తీయమంటే మాత్రం లేచి వెళ్లిపోతారు. అందుకని నా కొంగున పసుపు కొమ్ములు కట్టుకుని ఉండేదాన్ని. ముందు పసుపు దారానికి కొమ్ము కట్టి వాళ్ల మెడలో వేయించి, ఆ తర్వాతే బంగారం తీయించాలి. పని అయ్యాక కొమ్ము వెనక్కి తీసుకునేదాన్ని. (ఊరికే పోగొట్టడానికి పసుపు మా పెరట్లో పండలేదు.) ఇవి కాక గది తుడవడం, ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడం, తడి ఫోటోలు తీగకు ఆరేయడం. ఇవన్నీ అయ్యాక, బొమ్మ పడే ఆ క్షణంలో మాత్రం నేను సీసపు రేకు కొట్టిన తడిక వెనక్కి పోయి నిలబడాలి. అది ఫోటో మామ పెట్టిన నియమం.

ఫోటో మామ అంటే ఆ గదిలో యంత్రం తిప్పే పెద్దాయన. ఎక్స్‌రేను అందరూ ఫోటో అనేవాళ్లు కాబట్టి ఆయన అందరికీ ఫోటో మామ. నన్ను తడిక వెనక్కి తరిమేవాడే కానీ, తాను మాత్రం పోయేవాడు కాదు. పొద్దున్నే యంత్రం లేచిందో లేదో చూడడానికి పచ్చగా మెరిసే పలక ముందు తన చేతినే పెట్టి, ఎముకలు కనిపిస్తే "ఆ, లేచింది" అనేవాడు. పిల్లలు కదిలితే తానే గట్టిగా పట్టుకునేవాడు. ఆయన గోళ్లు నల్లబడి, వేళ్లు ఎండిన చెరువులా పగిలి ఉండేవి. "మందునీళ్లల్లో ఫోటోలు కడిగి కడిగి ఇట్లయినాయి పాపా" అని రోజూ ఆముదం రాసుకునేవాడు.

ఆ ఎండాకాలం మొదట్లో బొంబాయి నుంచి ఒక పార్సెలు వచ్చింది. అందులో రెండు చిన్న బిళ్ళలు. రేకు పెట్టె లాంటి తొడుగు, లోపల కాగితంలో చుట్టిన ఫిలిం ముక్క, వెనక పిన్నీసు. ఒకటి మామకు, ఒకటి నాకు. అంతకు ముందు నేను చూసిన బిళ్ళ కలెక్టరు కచేరీలో బిళ్ళబంట్రోతు రొమ్ము మీద ఉండేదే. దాన్ని తగిలించుకుని ఆ సాయంత్రం నేను ఇంటికి అడ్డదారిన కాకుండా బజారు మీదుగా నడిచి వెళ్లాను.

"మామా, ఇది ఎందుకు?" అని అడిగాను మరునాడు.

"ఈ ఫోటో వెలుగు మనిషికి శానా తగిల్తే మంచిది గాదు పాపా. నెలలో ఎంత తగిలిందో ఇది పట్టుకుంటాది. బొంబాయోళ్లు కడిగి, ఫిలిం ఎంత నల్లబడిందో కొల్చి రాస్తారు."

"ఎండకంటే గట్టిదా?"

"ఎండ కనపడ్తాది. ఇది కనపడదు."

రోహిణి కార్తెలో నడి మధ్యాహ్నం రాళ్లు మోసినదాన్ని నేను. కనపడే ఎండే నన్ను ఏమీ చేయలేదు, కనపడనిది ఏం చేస్తుందిలే అనుకున్నాను. ఆయన చెప్పినదాంట్లో నా తలకు ఎక్కింది ఒకటే మాట, కొలుస్తారని. ఇంక నాకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. గదిలో ఎంత పని చేస్తే అంత నల్లబడుతుంది. గుంతకు దిబ్బ ఎట్లాగో, గదికి ఈ బిళ్ళ అట్లాగ.

మామ తన బిళ్ళను ఏం చేశాడంటే, మేజా సొరుగులో పెట్టాడు. సొరుగు బయటి వరండాలో. "ఉండేది ఒక్క మంచి చొక్కా పాపా, పిన్నీసు గుచ్చితే చిల్లు పడ్తాది" అన్నాడు. ఆ మాట నాకు చాలా సబబుగా తోచింది. పొదుపైన మనిషి అని ఆయన మీద గౌరవం కూడా పెరిగింది.

నెల తిరిగాక తొడుగుల్లో కొత్త ఫిలిములు వేసి, పాతవి బొంబాయికి పంపారు. కొన్నాళ్లకు కాగితం వచ్చింది. ఆసుపత్రి రైటరు వరండాలో నిలబడి గట్టిగా చదివాడు.

"ఆపరేటరు, సున్న. ఆయా, సున్న."

"నాకు సున్ననా? సరిగ్గా జూడప్పా."

"చూసేదేముండాదమ్మా, గుండ్రంగా ఉండాది."

"నెలంతా ఒళ్లు హూనం చేసుకుంటే సున్న ఎట్లొస్తాది?"

"ఏమో మరి, నువ్వేం చేస్తాండావో ఆ బిళ్ళకే తెలియల్ల" అని రైటరు నవ్వాడు. ఆయనకూ ఆ కాగితం సంగతి నాకు తెలిసినంతే తెలుసు. కానీ ప్యాంటు వేసుకున్నవాడు నవ్వితే తెలిసి నవ్వినట్టే ఉంటుంది.

"ఈ కాగితం యాడికి పోతాది?"

"యాడికి పోతాది, పెద్ద డాక్టరు మేజా మీదికి."

ఆ గదిలో ఆయాకు పని ఉందా లేదా అని చూస్తున్న మనిషి ముందుకు, నా పేరూ పక్కన సున్నా పోతున్నాయి. మామకూ సున్నే కదా అంటారేమో. ఆయన ఖాయమైన మనిషి. ఖాయమైనవాళ్లకు సున్న వస్తే ఏమి, నూరొస్తే ఏమి.

ఇంటికి పోయి అత్తకు చెప్పాను. ఆమె రాగి సంగటి కెలుకుతూ వింది. తెడ్డు ఆపకుండానే తీర్పు చెప్పింది. "కొలత తక్కువొస్తే ఏం చేయల్లో నీకు నేను మళ్లా చెప్పల్లనా? దిబ్బ మీద గడ్డ పెట్టల్ల."

ఇందులో మోసం ఏమైనా ఉందని నాకు అప్పుడు తోచలేదు, ఇప్పుడూ తోచదు. చేసిన పని కొలతకు అందకపోతే, అందేటట్టు చూపించడం పనివాళ్ల బాధ్యత. వెలుగు ఎక్కడ పడుతుందో నాకు తెలుసు, రోగి పడుకునే బల్ల మీద. మరునాడు పొద్దున్నే బల్ల మీది దుప్పటి కింద, సరిగ్గా నడుమ బిళ్ళ పెట్టేశాను.

మొదటి రోగి మా వేంపల్లె వైపు నుంచి వచ్చిన ఒక భూస్వామి రెడ్డి. దగ్గుతో వచ్చాడు. ఫోటో కడిగి చూస్తే, ఊపిరితిత్తుల నడుమ నలుచదరంగా ఒక పెట్టె, దానికొక పిన్నీసు. మామ చూసి నోరు తెరిచాడు. పెద్ద డాక్టరు వచ్చి వెలుగుకు పెట్టి చూశాడు. "రెడ్డీ, ఏమైనా మింగినావా?" అని అడిగాడు.

"నేనేం మింగుతా సామీ!"

"పిన్నీసుండే పెట్టె. బాగా తలుచుకో."

రెడ్డి ముఖం పాలిపోయింది. పక్కనున్న పెండ్లాం "తాగినప్పుడు ఏం తింటాండాడో ఆయనకు తెలిస్తే గదా" అని శోకాలు మొదలుపెట్టింది. "ఇది బయటికొస్తే అహోబిలం నరసింహసామికి తలనీలాలిస్తా" అని రెడ్డి అక్కడే మొక్కుకున్నాడు. డాక్టరు ఇంకొక ఫోటో తీయమన్నాడు. ఈ గొడవలో నేను దుప్పటి మారుస్తున్నట్టు పోయి బిళ్ళ తీసి రొండిన దోపుకున్నాను. రెండో ఫోటోలో పెట్టె లేదు, పిన్నీసూ లేదు. డాక్టరు చాలాసేపు ఒకదాని తర్వాత ఒకటి చూసి, ఫిలిములు మంచివి కావని తిట్టాడు. రెడ్డి మాత్రం ఆ తిట్లు వినలేదు, నల్లమల వైపు తిరిగి దండం పెట్టాడు. తర్వాతి వారం నున్నటి గుండుతో వచ్చి ఆసుపత్రి అంతటికీ ప్రసాదం పంచాడు. నాకూ పెట్టాడు. నేను కళ్లకద్దుకుని తిన్నాను. దేవుడికి రావాల్సింది దేవుడికి ముట్టింది, మధ్యలో నేనెవర్ని.

కానీ బల్ల పనికిరాదని తేలింది. వెలుగు పుట్టేచోటే పట్టుకుంటే సరి అనుకున్నాను. బల్లకు పైన ఒక పెద్ద గొట్టం వేలాడుతుండేది, వెలుగు అందులోంచే వస్తుంది. దాని మూతి పక్కన, ఫోటోకు అడ్డం రాని మూల చూసి, పసుపు దారంతో బిళ్ళను గట్టిగా కట్టేశాను. ఎవరూ తల ఎత్తి చూడరు, అక్కడ బూజు దులిపేది నేనే. నెల తిరిగేదాకా అది అక్కడే ఉంది. నేను ఏ దిగులూ లేకుండా తడిక వెనక నిలబడ్డాను.

ఈసారి కాగితం రాలేదు. తంతి వచ్చింది.

తంతి అంటే ఆ రోజుల్లో ఒకటే అర్థం, చావు కబురు. రైటరు చదివేసరికి వరండాలో అందరూ లేచి నిలబడ్డారు. ఆయాను వెంటనే ఆ గదిలోంచి తీసేయండి, నెత్తురు పరీక్ష చేయండి, మనిషి బయలుదేరుతున్నాడు. ఇదీ అందులోని మాట. ఈసారి రైటరు నవ్వలేదు.

"అంటే ఎక్కువే వచ్చిండాదా?" అని అడిగాను.

"ఎక్కువనా! ఇంత తగిలిన మనిషి నిలబడి మాట్లాడతాంటే నాకే దడగా ఉండాదమ్మా" అని రెండడుగులు వెనక్కి వేశాడు.

నేను చెప్పేలోపలే నన్ను తీసుకుపోయి ఆడవాళ్ల వార్డులో మంచం మీద పడుకోబెట్టారు. వేలు పొడిచి నెత్తురు తీశారు. పాలు, గుడ్లు ఇచ్చారు. (గుడ్లు తిని, పాలు చెంబులో దాచి ఇంటికి పంపాను.) పక్క మంచాలవాళ్లు తమ మంచాలను మెల్లగా జరుపుకున్నారు. నిన్నటిదాకా నన్ను "ఒసే ఆయా" అన్న నర్సమ్మలు "ఎట్లుండాదమ్మా" అని గుమ్మం నుంచే అడిగేవాళ్లు. పెద్ద డాక్టరు వచ్చి మెత్తగా చెప్పాడు. "ఇంక నువ్వు ఆ గదిలోకి పోగూడదు. నీ మేలుకే చెప్తాండా."

"అయితే నా పని?"

"ముందు ప్రాణం జూసుకో తల్లీ."

ప్రాణం బాగానే ఉంది, పోతున్నది పని. సున్న వస్తే పని లేదని తీసేస్తారు, ఎక్కువ వస్తే మనిషి పనికిరాదని తీసేస్తారు. ఇంక ఎంత వస్తే ఉంచుకుంటారో నాకు అర్థం కాలేదు. సాయంత్రం అత్త వచ్చింది. అందరిలా గుమ్మంలో ఆగలేదు. నేరుగా వచ్చి మంచం మీద కూర్చుని నా చెవిలో అంది. "చిన్న గడ్డ పెట్టమంటి గదే. కొండను తెచ్చి పెట్టినావా?"

బొంబాయాయన వచ్చాడు. సన్నగా, పిల్లవాడిలా ఉన్నాడు. చేతిలో, ఆ కనపడని వెలుగు తగిలితే టిక్కు టిక్కుమనే పెట్టె. ఆయనకు తెలుగు రాదు. నాకు వచ్చింది పక్కింటి బీబమ్మ దగ్గర నేర్చిన ఉర్దూ, అది నీళ్ల కొళాయి దగ్గర కొట్లాటకు పనికొచ్చే ఉర్దూ. మర్యాద మాటలు అందులో లేవు. అయినా మా ఇద్దరికీ అదే దిక్కయింది. ఆ పెట్టెను ముందు నా దగ్గర పెట్టి చూశాడు, అది ఉలకలేదు పలకలేదు. తర్వాత నా ఫిలిం ముక్కను కిటికీ వెలుగులో పెట్టి చూపించాడు. బొగ్గులా నల్లగా ఉంది. దాని నడుమ తొడుగు అంచుల నీడ కత్తితో గీసినట్టు స్పష్టంగా ఉంది.

"మనిషి కదిలితే నీడ కూడా చెదిరిపోతుంది. ఇది చెదరలేదు. నెలంతా నువ్వు కదలకుండా ఒకేచోట నిలబడి ఉన్నావా?" అని అడిగాడు.

నేను అన్నిటికీ ఓర్చుకున్నాను, ఆ మాటకు ఓర్చుకోలేకపోయాను. "నేనా? కదలకుండా నిలబడేదాన్నా? ఆ గది తుడిచేదెవరు, నీ అబ్బనా? ఏడ్చే పిల్లల్ని ఎత్తుకునేదెవరు? నేను పొద్దున్నుంచి కదుల్తానే ఉంటా. గొట్టానికి కట్టిన బిళ్ళ కదలకపోతే నేనేం చేసేది?" అన్నాను.

అనేశాక పక్కనే నిలబడి ఉన్న పెద్ద డాక్టరు ముఖం ఎర్రబడింది. బొంబాయాయన మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని, ఎందుకు కట్టావని అడిగాడు. ఇంక దాచేదేముంది. గుంత చెప్పాను, దిబ్బ చెప్పాను, గడ్డ చెప్పాను, మేస్త్రీని చెప్పాను. సున్నకు కూలి ఎవరిస్తారని అడిగాను. ఆయన ముందు పెదవులు బిగపట్టాడు, తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, తర్వాత ఇంక ఆపుకోలేక పెద్దగా నవ్వాడు. రెడ్డి పెట్టె సంగతి తెలిశాక పెద్ద డాక్టరు కూడా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, ఆయన భుజాలు మాత్రం కదులుతున్నాయి.

నవ్వు తగ్గాక బొంబాయాయన రెండో బిళ్ళ ఏదని అడిగాడు. మామ గర్వంగా పోయి వరండాలోని సొరుగులోంచి తెచ్చాడు. కొత్తదానిలా మెరుస్తోంది, చొక్కాకు ఒక్క చిల్లు లేదు. "నాది ఎప్పుడూ సున్నే సార్" అన్నాడు. బొంబాయాయన చూపు బిళ్ళ మీద లేదు, దాన్ని పట్టుకున్న వేళ్ల మీద ఉంది. ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూశాడు. "మందునీళ్లల్లో కడిగి కడిగి..." అని మామ మొదలుపెట్టాడు, ఆయన ముఖం చూసి ఆగిపోయాడు. అంతకుముందు అంత నవ్విన మనిషి ఆ చేతిని వదలకుండా అలాగే కూర్చున్నాడు. మంచంలో పడుకోబెట్టాల్సింది ఎవరినో అప్పుడు నాకు అర్థమయింది. నాలాంటి మొద్దుకు కూడా అర్థమయింది.

మామను ఆ రోజే యంత్రం దగ్గర్నుంచి తప్పించి మందుల చీటీలు రాసే పనికి మార్చారు. నన్ను ఏం చేస్తారోనని నేను గుమ్మంలో నిలబడి ఉంటే, బొంబాయాయన పెద్ద డాక్టరుతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. డాక్టరు నన్ను చూసి తల గోక్కున్నాడు. "ఇట్లాంటి బిళ్ళలు బల్లల మీద, సొరుగుల్లో గాకుండా మనుషుల రొమ్ముల మీద ఉండేటట్టు జూసేదానికి ఒక మనిషి కావల్లంట. ఎవురు చెప్పినా వినని మనిషైతే మేలంట. నువ్వు చేస్తావా?"

అదీ నా ఖాయం పని. పొద్దున్నే ఆ గదిలోకి అడుగుపెట్టే ప్రతివాళ్ల చొక్కాకూ నేనే బిళ్ళ గుచ్చాలి, సాయంత్రం నేనే విప్పి బయట కొక్కేనికి తగిలించాలి. బిళ్ళ లేనిదే పెద్ద డాక్టరును కూడా గడప దాటనివ్వలేదు. చొక్కాకు చిల్లు పడుతుందన్న కొత్త ఆపరేటరుతో, "చిల్లు నేను కుడతా, వేళ్లు నేను కుట్టలేను" అన్నాను. నెలనెలా కాగితం వచ్చినప్పుడు రైటరు "సున్న, సున్న, సున్న" అని చదివేవాడు. ఎక్కడైనా సున్న కానిది వస్తే నాకు తిట్లు. సున్నకు భయపడి కొండను తెచ్చి పెట్టినదాన్ని, తల నెరిసేదాకా ఆ సున్నలకే జీతం తీసుకుని పిల్లల్ని పెంచాను.

మామ వేళ్ల కొసలు కొన్ని తర్వాత తీసేయాల్సి వచ్చింది. అయినా కాగితం వచ్చే రోజు తెలుసుకుని మా గది దాకా వచ్చేవాడు. గడపకు అవతలే నిలబడి, "ఏం పాపా, ఎంతొచ్చింది?" అనేవాడు. "సున్న మామా" అనేదాన్ని. "శెబాషు" అని, మిగిలిన వేళ్లతో మీసం తడుముకుంటూ పోయేవాడు. ఆయన చనిపోయిన నెలలో కాగితం వచ్చినప్పుడు, అలవాటు కొద్దీ గడప వైపు తిరిగి సున్న అని చెప్పి, ఆ తర్వాత ఆయన లేడని గుర్తొచ్చి, గదిలో ఉన్న బూజంతా దులిపాను.

మొన్న మోకాలు నొప్పికి మనవరాలు నన్ను ఫోటోకు తీసుకుపోయింది. చల్లటి గది, యంత్రం చప్పుడే లేదు. ఫోటో తీసే పడుచు పిల్ల ఒకతి నా కాలును అటూ ఇటూ తిప్పి సర్దుతోంది. ఆమె రొమ్ము వైపు చూశాను.

"బిళ్ళ యాడ పాపా?"

"ఏం బిళ్ళ అవ్వా? ఓ, అదా? బ్యాగులో ఉండాది. కొత్త డ్రస్సు గదా, క్లిప్పు పెడితే గుడ్డ లాగేస్తాది."

నేను కాలు కిందికి దించేశాను. తెచ్చి పెట్టుకునేదాకా ఫోటో లేదన్నాను. మనవరాలు సిగ్గుతో తల పట్టుకుంది. ఆ పిల్ల నవ్వుతూనే పోయి తెచ్చింది. చూస్తే క్లిప్పు విరిగిపోయి ఉంది. నేను నా వక్కాకు సంచికి ఎన్నో ఏళ్లుగా ఉన్న ఇత్తడి పిన్నీసు తీసి, నా చేత్తోనే గుచ్చాను. కుట్టు మీద గుచ్చాను, కాబట్టి గుడ్డకు చిల్లు తెలియదు.

ఇంటికి వచ్చాక సంచి మూతి తెరుచుకుని వక్కలన్నీ ఒళ్లో పడ్డాయి. ఇత్తడి పిన్నీసులు ఇప్పుడు దొరకడం లేదు. తిరిగి పోయి అడిగితే బాగుండదు. మోకాలి ఫోటోను మళ్లీ చూపించుకోవడానికి వచ్చే వారం ఎలాగూ రమ్మన్నారు. అప్పుడు ఆ పిల్ల రొమ్ము మీద బిళ్ళ ఉంటే పిన్నీసు ఆమెకే వదిలేస్తాను. లేకపోతే మాత్రం తిరిగి తీసుకుంటాను.